బాపు ఎక్కించుకోని బండి

మొన్న ఆఫీసు నుంచి వస్తుంటే ఒక ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ ముందు కొత్త మోటార్ సైకిళ్లు వరసగా నిలబెట్టి కనిపించాయి. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. వెనక రెండు వైపులా డబ్బాలు, ముందు ఎరుపు, నీలం లైట్లు, హ్యాండిల్ దగ్గర మైకు. ఇద్దరు కుర్ర కానిస్టేబుళ్లు ఒక బండి చుట్టూ తిరుగుతూ ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటున్నారు. నేను స్కూటీ పక్కకు ఆపి కాసేపు చూశాను. ఇంటికి వెళ్లి మా నాన్నకు, అదే మా బాపుకు చెబితే ఆయన అడిగిన మొదటి మాట: "ఎన్ని బండ్లు ఇచ్చిన్రో కాదు బిడ్డా, నెలకు ఎన్ని లీటర్లు ఇస్తున్నరట?"

మా బాపు 36 ఏళ్లు పోలీసు ఉద్యోగం చేశాడు. 1981లో కానిస్టేబుల్‌గా చేరి, 2017లో ఏఎస్సైగా రిటైరయ్యాడు. అందులో ఎక్కువ భాగం హైదరాబాద్ ట్రాఫిక్‌లోనే. తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు. నేను అకౌంట్స్ చదివి, ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. అందుకే కాబోలు, ఆయన అడిగిన ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. పోలీసు శాఖ తన ట్రాఫిక్ సిబ్బందికి బండి ఇవ్వడం అంటే మనకు కనిపించేది ఆ జెండా ఊపే రోజు ఒక్కటే. ఆ తర్వాత పదేళ్లు, పన్నెండేళ్లు ఆ బండిని రోడ్డు మీద నిలబెట్టేది ఏమిటో నేను చిన్నప్పటి నుంచి మా ఇంట్లోనే చూశాను. దాని గురించి రాయాలనిపించింది.

బాపు మొదటి బండి సర్కారుది కాదు, సొంతది. పోలీసు శాఖలో అందరికీ బండి ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. అలా ఉండదు. వాహనం మనిషికి రాదు, పోస్టుకు వస్తుంది, పనికి వస్తుంది. ఇన్‌స్పెక్టర్‌కు జీపు, ఎస్సైకి మోటార్ సైకిల్, పెట్రోలింగ్‌కు ఇన్ని బండ్లు అని లెక్క. కూడలిలో నిలబడి చేతులు ఊపే కానిస్టేబుల్ తన పాయింటుకు తనే చేరుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో బాపు బస్సులో వెళ్లేవాడు. తెల్లారి డ్యూటీ ఉన్న రోజు మొదటి బస్సు కోసం నాలుగింటికే లేచేవాడట. 1992లో ప్రభుత్వ ఉద్యోగులకిచ్చే మోటార్ సైకిల్ అడ్వాన్సుకు అర్జీ పెట్టుకుని హీరో హోండా సీడీ 100 కొన్నాడు. నెలనెలా జీతంలోంచి కోత. ఆ బండి మీదే డ్యూటీకి, అంగడికి, ఏడాదికోసారి జాతరకు ఊరికి. మా అమ్మ ఇప్పటికీ దాన్ని "మన బండి" అంటుంది. తర్వాత వచ్చినవన్నీ ఆమె లెక్కలో "వాళ్ల బండ్లే".

వాళ్ల బండి మా ఇంటి ముందుకు 1998లో వచ్చింది. అప్పటికి బాపు హెడ్ కానిస్టేబుల్. పెట్రోలింగ్ డ్యూటీ వేసి ఒక పాత బుల్లెట్ ఇచ్చారు. నాకు పదకొండేళ్లు. క్వార్టర్స్‌లోకి ఆ చప్పుడు వస్తుంటే పిల్లలమంతా బయటికి ఉరికేవాళ్లం.

బుల్లెట్‌కూ పోలీసులకూ ఉన్న సంబంధం పాతది. 1950లలో భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం ఇంగ్లండు నుంచి 350 సీసీ బుల్లెట్లు తెప్పించుకుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టి, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టారు. గట్టి బండి, బరువైన బండి, రోజంతా నడిచినా తట్టుకునే ఇంజను, దేశంలో ఎక్కడైనా దొరికే సామాన్లు. సైన్యం తర్వాత పోలీసులూ దాన్నే పట్టుకున్నారు. మన దగ్గర పోలీసు అంటే బుల్లెట్ అన్నట్టు కుదిరిపోయింది.

కానీ ఆ పాత బుల్లెట్ స్టార్ట్ చేయడం ఒక విద్య. హెడ్‌లైట్ పైన చిన్న గుండ్రటి ఆంపియర్ మీటరు ఉంటుంది. తాళం తిప్పి, కిక్కు మెల్లగా తొక్కుతూ ఆ ముల్లు నడిమికి వచ్చేదాకా చూడాలి. అప్పుడు ఎడమ చేతి దగ్గరున్న, ఇంజను లోపలి ఒత్తిడి తగ్గించే డీకంప్రెషన్ లీవర్ నొక్కి, కిక్కు కొంచెం దాటించి, లీవర్ వదిలి, అప్పుడు పూర్తి బరువుతో తొక్కాలి. లెక్క తప్పితే కిక్కు వెనక్కి ఎగిరి పిక్కకు తగులుతుంది. బాపు కుడి కాలి మీద మడమకు పైన ఒక నల్ల మచ్చ ఉండిపోయింది. పొద్దున వాన పడుతున్నప్పుడు, వైర్‌లెస్ సెట్‌లో పిలుపు వస్తున్నప్పుడు ఇదంతా వరస తప్పకుండా చేయాలి. ఎలక్ట్రిక్ స్టార్ట్ బటన్ నొక్కే వాళ్లకు ఆ టెన్షన్ తెలియదు.

ఇంకో చిక్కు. పాత బుల్లెట్‌కు గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఇంట్లో ఉన్న సీడీ 100కు సరిగ్గా తలకిందులు. పగలంతా బుల్లెట్ మీద తిరిగి, సాయంత్రం సీడీ 100 మీద కూరగాయలకు వెళ్తే కాళ్లు తడబడేవి. ఒకసారి మార్కెట్ దగ్గర బ్రేకు అనుకుని గేరు తొక్కి టమాటా బండికి తగిలించాడు. పడిపోయిన టమాటాలన్నీ డబ్బులిచ్చి కొని తెచ్చాడు. వారం రోజులు టమాటా తొక్కు. అప్పటి నుంచి ఇంటి బండి ఎక్కేముందు ఒక్క క్షణం ఆగి, రెండు కాళ్లతో రెండు పెడల్స్ తాకి చూసుకునేవాడు. ఇప్పటికీ నా స్కూటీ ఎక్కేముందు ఆ రెండు కాళ్లూ గాల్లో కదులుతాయి.

బండితో పాటు ఏమేమి వచ్చాయో చెబుతాను. ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. ఒక లాగ్‌బుక్ వచ్చింది. పొద్దున బయలుదేరినప్పుడు మీటరు ఎంత, రాత్రి పెట్టినప్పుడు ఎంత, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, ఎన్ని లీటర్లు పోయించాడు, ఎవరు సంతకం పెట్టారు. బాపు రాత్రి అన్నం తినే ముందు ఆ పుస్తకం రాసేవాడు. గీతలు కొట్టేది నేను, స్కేలు నాది కాబట్టి. పెట్రోలుకు ఇండెంటు రాయాలి. దాని మీద సంతకం అయితే చిట్టీ వస్తుంది, ఆ చిట్టీతో బంకులో పోయించుకోవాలి. నెలకింత అని కోటా. పండగ నెలల్లో కోటా ఇరవయ్యో తారీఖుకే కరిగిపోయేది. రిపేరుకు ఎంటీ సెక్షన్. ఎంటీ అంటే మోటార్ ట్రాన్స్‌పోర్ట్, శాఖకు ఉన్న సొంత వర్క్‌షాపు, మెకానిక్కులు, డ్రైవర్ల విభాగం. బండికి ఏమైనా అయితే కాగితం రాసి అక్కడ దింపి రావాలి.

బాపు మెత్తటి మనిషి, కానీ బండి విషయంలో ఓపిక తక్కువ. వర్క్‌షాపులో అప్పజెబితే వరసలో బాగుచేసి ఇస్తారు, ఆ రెండు మూడు రోజులు వేరే ఏర్పాటు చేసుకోవాలి. ఆ రెండు మూడు రోజులు ఆయన ఉండలేడు. చిన్న చిన్నవి తనే చేసుకునేవాడు. ఆదివారం పూట వాకిట్లో పాత పేపర్లు పరిచి ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దేవాడు, పాయింట్లు శుభ్రం చేసేవాడు, చైను బిగించేవాడు. క్లచ్ కేబుల్ ఒకటి ఎప్పుడూ డబ్బాలో అదనంగా ఉండేది, పుత్లీబౌలిలో తన డబ్బుతో కొన్నది. అమ్మ అడిగితే, "నడిరోడ్డు మీద తెగితే ఎవరిని అడగాలె?" అనేవాడు. ఇంజను నుంచి నూనె కారేది, ఆ బుల్లెట్లు కారని రోజు ఉండదు. ఖాకీ ప్యాంటు కుడి మోకాలి కింద మరక ఉంటే బండికి ఒక జబ్బు, చీలమండ దగ్గర ఉంటే ఇంకో జబ్బు. అమ్మ బట్టలు నానబెడుతూ, "ఇయ్యాల గేరు కాడ కారుతున్నట్టుంది సూడు" అనేది. ఆమె ఎప్పుడూ ఆ బండి ఎక్కలేదు. నూనె మరకలతోనే దాని జబ్బులన్నీ తెలుసుకుంది.

నేనూ ఎక్కలేదు. ఎన్నిసార్లు అడిగానో. క్వార్టర్స్ గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా, అంతే, అని అడిగేదాన్ని. "ఇది సర్కారు బండి బిడ్డా. డ్యూటీకి ఇచ్చిన్రు. నిన్ను ఎక్కించుకుంటే పుస్తకంల ఏమని రాయాలె?" అనేవాడు. నాకు అప్పుడు కోపం వచ్చేది. పక్కింటి పిల్లలు వాళ్ల నాన్న జీపులో స్కూలుకు వెళ్లడం చూసినప్పుడు ఇంకా వచ్చేది.

ఏడో తరగతిలో ఒక రోజు గుర్తుంది. స్కూలు వదిలేసరికి కుండపోత వాన. బస్ స్టాపులో రేకుల కింద నిలబడి ఉన్నాను. దూరం నుంచే చప్పుడు గుర్తుపట్టాను. రెయిన్‌కోటు వేసుకుని బాపు వస్తున్నాడు. నన్ను చూసి బండి పక్కకు ఆపాడు. ఎక్కించుకుంటాడనుకుని పుస్తకాల సంచి భుజానికి వేసుకున్నాను. ఆయన బండి దిగి, స్టాండ్ వేసి, రేకుల కిందకు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వైర్‌లెస్ సెట్ గరగరమంటూ ఏదో చెబుతూనే ఉంది. బస్సు వచ్చేదాకా పది నిమిషాలు నిలబడ్డాడు. కండక్టర్‌తో, "మా బిడ్డ, క్వార్టర్స్ కాడ దింపు అన్నా" అని చెప్పి, బస్సు కదిలాక బండి తీశాడు. ఆ బస్సు వెనక అద్దంలోంచి చూస్తే బుల్లెట్ మా వెనకే రెండు స్టాపుల దాకా వచ్చింది. తర్వాత ఎడమకు తిరిగిపోయింది.

అన్ని వాహనాలుండగా ట్రాఫిక్‌కు మోటార్ సైకిలే ఎందుకు అని కొందరు అడుగుతారు. జీపు ఉంటే నీడ ఉంటుంది, నలుగురు ఎక్కొచ్చు, వానకు తడవరు. నిజమే. కానీ ట్రాఫిక్ పోలీసు వెళ్లాల్సింది ట్రాఫిక్ ఆగిపోయిన చోటికే. అక్కడికి జీపు పోదు. నిమజ్జనం రోజు ఖైరతాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా, బోనాలప్పుడు లాల్‌దర్వాజ గల్లీల్లో, మొహర్రం రోజు బీబీ కా ఆలం ఊరేగింపు వెంట, జనం మధ్యలోంచి మెల్లగా పోగలిగేది రెండు చక్రాల బండి ఒక్కటే. అవయవాలు తీసుకెళ్లే అంబులెన్సుకు దారి ఇవ్వాలన్నా, గ్రీన్ చానెల్‌లో ముందు ఉండి మైకులో అరుస్తూ కార్లను పక్కకు జరిపేది చాలాసార్లు బైకు మీదున్నవాడే. అవయవదానానికి జీవన్‌దాన్ పథకం వచ్చాక నగరంలో ఈ గ్రీన్ చానెళ్లు మామూలయ్యాయి. బాపు చివరి మూడు నాలుగేళ్లలో అలాంటివి చేశాడు. ఎన్ని చేశాడో లెక్క చెప్పడు కానీ, ఆ రోజుల్లో ఇంటికొచ్చాక గొంతు పోయి ఉండేది, అమ్మ మిరియాల పాలు కాచేది.

ఇంకో ఉదాహరణ. 2009 అక్టోబరులో మాసబ్‌ట్యాంక్ నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్. దాని మీదకు టూవీలర్లను రానివ్వరు. కానీ మధ్యలో ఒక కారు చెడిపోయి ఆగిందంటే వెనక ఎయిర్‌పోర్టుకు వెళ్లే కార్లన్నీ బిగుసుకుపోతాయి. పక్కకు తప్పుకోవడానికి చోటు తక్కువ. ఆ సందులోంచి ముందుకు పోయేది పోలీసు బైకే. బాపు ఒకసారి అలాగే వెళ్తుంటే రోడ్డు మీద కారిన డీజిల్ మీద చక్రం జారింది. ఎవరి తప్పూ కాదు. మోచేయి దెబ్బతింది, పోలీసుల ఆరోగ్య భద్రత కింద చికిత్స జరిగింది. ఆసుపత్రిలో మంచం మీద కూర్చుని ఆయన అడిగింది, "బండిని ఎవరు తీస్కపోయిన్రు, హ్యాండిల్ వంగిందా?" అని.

అప్పుడే నాకో సంగతి తెలిసింది. మనమంతా బండికి ఇన్సూరెన్స్ లేకపోతే చలానా కడతాం కదా. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం, వ్యాపారానికి కాకుండా ప్రభుత్వ పనులకు వాడే ప్రభుత్వ వాహనాలకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. ప్రమాదం జరిగి ఎవరికైనా నష్టపరిహారం ఇవ్వాల్సి వస్తే ప్రభుత్వమే ఇవ్వాలి. ఇన్సూరెన్సు కట్టకుండా మిగిలే డబ్బు ఉంది కాబట్టి అందులో కొంతైనా బండి మీద తిరిగే మనిషి జాకెట్టుకు, చేతి గ్లవుజులకు, మోకాళ్ల ప్యాడ్లకు పెట్టాలని నేను గట్టిగా అనుకుంటాను. హెల్మెట్ ఒక్కటి సరిపోదు. బైకు మీద రోజుకు ఎనిమిది గంటలు ఉండే మనిషి వాడు.

మరి ఈ బండ్లు వచ్చేది ఎక్కడి నుంచి? ఎక్కువ భాగం రాష్ట్ర బడ్జెట్‌లో హోం శాఖ డబ్బు. పోలీసు బలగాల ఆధునికీకరణ అని కేంద్రం పథకం 1969-70 నుంచి ఉంది. వాహనాలు, వైర్‌లెస్, ఆయుధాల లాంటి వాటికి రాష్ట్రాలు అందులోంచీ డబ్బు తెచ్చుకున్నాయి. ఈ మధ్య మూడో దారి ఒకటి పెరిగింది. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. నగరాల్లో కంపెనీలు ఆ డబ్బుతో పోలీసులకు బైకులు, కార్లు, కెమెరాలు ఇస్తున్నాయి. ఇచ్చేవాళ్లకు నా దండం. కానీ లెక్కలు చూసే మనిషిగా ఒక మాట చెప్పాలి. బండి ఇవ్వడం ఒక రోజు ఖర్చు. నడపడం రోజూ ఖర్చు.

కాగితం మీద వేసి చూశాను, మీరూ వేయండి. ఒక పెట్రోలింగ్ బైకు రోజుకు 60 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. ఊరి ట్రాఫిక్‌లో పెద్ద బైకు లీటరుకు 30 ఇస్తే అదే ఎక్కువ. రోజుకు 2 లీటర్లు. నెలకు 26 రోజులు అంటే 52 లీటర్లు. లీటరు వంద రూపాయలు అనుకున్నా, అసలు ధర అంతకన్నా ఎక్కువే, నెలకు 5,200. ఏడాదికి 62,400. మూడేళ్లకు 1,87,200. అంటే దాదాపు ఒక బుల్లెట్ ధర. మూడేళ్లలో ఆ బండి ఇంకో బండి అంత పెట్రోలు తాగుతుంది. దీంట్లో టైర్లు లేవు, చైన్ సెట్టు లేదు, బ్రేకు ప్యాడ్లు లేవు, బ్యాటరీ లేదు.

బ్యాటరీ గురించి విడిగా చెప్పాలి, బాపు దగ్గర విన్నది. ఇంట్లో వాడే బైకుకు బ్యాటరీ నాలుగైదేళ్లు వస్తుంది. పోలీసు బైకుకు అలా రాదు. కూడలి దగ్గర బండి ఆపి, ఇంజను బంద్ చేసి, ఎరుపు, నీలం లైట్లు మాత్రం వేసి ఉంచుతారు, దూరం నుంచి కనిపించాలని. సైరన్, మైకు కూడా దాని మీదే. ఇంజను ఆగి ఉంటే చార్జింగ్ లేదు, ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇంజను ఆన్‌లో ఉంచితే పెట్రోలు పోతుంది, ఎండలో వేడెక్కుతుంది. క్లచ్ ప్లేట్లదీ ఇదే కథ. ఊరేగింపు వెంట నడిచే మనిషి వేగంతో నాలుగు గంటలు హాఫ్ క్లచ్‌లో నడిపితే కొత్త ప్లేట్లు కూడా కాలిపోతాయి. మన బండి లెక్కతో పోలీసు బండి మెయింటెనెన్స్ లెక్క కట్టకూడదు. కిలోమీటర్లు తక్కువ కనిపిస్తాయి, అరుగుదల ఎక్కువ.

2014లో తెలంగాణ వచ్చిన కొన్ని నెలలకే హైదరాబాద్ పోలీసులకు కొత్త ఇన్నోవాలు, కొత్త మోటార్ సైకిళ్లు పెద్ద సంఖ్యలో వచ్చాయి. ఊరంతా చెప్పుకున్నారు. అయితే నాకు అంతకన్నా నచ్చింది ఆ తర్వాతి నిర్ణయం. పోలీస్ స్టేషన్ల ఖర్చుకు నెలనెలా నేరుగా డబ్బు ఇవ్వాలని, నగరంలోని స్టేషన్‌కు 75 వేల రూపాయలు అని పెట్టారు. ట్రాఫిక్ సిబ్బందికి దుమ్ము, పొగలో పనిచేస్తున్నందుకు మూల వేతనంలో 30 శాతం అదనంగా ఇస్తామన్నారు. బండి కొన్న వార్త మొదటి పేజీలో వచ్చింది. ఖర్చుకు డబ్బు పెట్టిన వార్త బాపు కత్తిరించి లాగ్‌బుక్‌లో దాచుకున్నాడు.

ఆ విడతలో బాపుకూ కొత్త బండి వచ్చింది. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే బండి. గేరు ఎడమకు, బ్రేకు కుడికి, లోకంలో అందరి బండ్ల లాగే. మొదటి వారం కాలు అలవాటుగా కుడివైపు గేరు కోసం వెతికిందట. పాత బుల్లెట్టు అంతకు ముందే కండెమ్ అయి, అంటే ఇక పనికిరాదని తేల్చేసి, వేలానికి పోయింది. ఇప్పుడు రూలు ఇంకా గట్టిగా ఉంది, 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మంచిదే. పదిహేనేళ్లు డ్యూటీ చేసిన బండి మీద మనిషిని పంపడం న్యాయం కాదు. కానీ అన్ని బండ్లూ ఒకే ఏడాది కొంటే అన్నీ ఒకే ఏడాది ముసలివవుతాయి. ఏడాదికి కొన్ని చొప్పున కొనాలి, కొన్ని చొప్పున తీసేయాలి. మా కంపెనీలో డెలివరీ వ్యాన్లకు చేసే పని ఇదే. దీనికి కొత్త పథకాలేవీ అక్కర్లేదు, ఒక క్యాలెండర్ చాలు.

2019లో ఆఫీసు పని మీద కలకత్తా వెళ్లాను. పార్క్ స్ట్రీట్ సిగ్నల్ దగ్గర తెల్ల యూనిఫాంలో ఒక సార్జంట్, పక్కన ఎర్ర బుల్లెట్. కలకత్తా ట్రాఫిక్ సార్జంట్లకు ఎర్ర మోటార్ సైకిల్ చాలా కాలంగా గుర్తు. ఆ ఊళ్లో సార్జంట్ అంటే ఎస్సై స్థాయి ఉద్యోగం, బండి ఆ ఉద్యోగంలో భాగం. ఎర్ర రంగు అద్దంలా మెరుస్తోంది. నేను ఫొటో తీసి బాపుకు పంపాను. పెద్దగా మెచ్చుకుంటాడనుకున్నా. ఫోన్ చేసి, "ఫొటో పెద్దగ చేసి చూసిన. ముందు టైరు కొత్తదే. మంచిగ చూస్కుంటున్నరు" అన్నాడు.

ఇప్పుడు ట్రాఫిక్‌లో ఆడపిల్లలు కూడా బాగా కనిపిస్తున్నారు. మా క్వార్టర్స్‌లో నాతో ఆడుకున్న ఒకమ్మాయి ఎస్సై అయింది. ఆమె ఎత్తు అయిదడుగుల రెండు అంగుళాలు. దాదాపు 190 కిలోల బండిని సెంటర్ స్టాండ్ వేసి తీయడం ఆమెకే కాదు, ఎవరికైనా నడుము నొప్పే. కొనేటప్పుడు అన్నీ ఒకే మోడల్ అయితే టెండర్ తేలిక, సామాన్లు తేలిక, అది నాకు తెలుసు. కానీ బండి ఎక్కే మనిషిని ఒకసారి కూర్చోబెట్టి, కాళ్లు నేలకు ఆనుతున్నాయా అని చూసి కొనాలి. షాపులో మనం మన బండి అలాగే కొంటాం కదా.

బాపు రిటైరైన రోజు గురించి చెప్పి ఆపుతాను. 2017 జూన్ 30. పొద్దున సన్మానం, శాలువా, ఫొటోలు. అవన్నీ అయ్యాక సాయంత్రం బండి అప్పజెప్పాలి. చార్జి లిస్టు రాశారు: మోటార్ సైకిల్ 1, తాళాలు 2, లాగ్‌బుక్ 1, టూల్ కిట్ 1, మీటరు రీడింగ్ ఇంత. బాపు ముందు రోజే దాన్ని కడిగి, చైనుకు నూనె పెట్టి, టైర్లకు గాలి కొట్టించాడు. తన డబ్బుతో కొన్న క్లచ్ కేబుల్ లిస్టులో లేదు. దాన్ని డబ్బాలోనే వదిలేశాడు.

తీసుకునే కుర్రాడు సంతకం పెట్టి తాళాలు తీసుకున్నాడు. బాపు అతన్ని బండి దగ్గరకు తీసుకెళ్లి మూడు మాటలు చెప్పాడు. పెట్రోలు ముల్లును నమ్మకు, రెండు గీతలు ఉన్నప్పుడే పోయించుకో. రాత్రి డ్యూటీ అయినంక లైట్ల స్విచ్చి బంద్ చేసినవో లేదో తాకి చూడు. వాన పడ్డ తెల్లారి హారన్ బటన్ లోపలికే ఉండిపోతది, గోరుతోటి లాగితే వస్తది. కుర్రాడు సరే సార్, సరే సార్ అన్నాడు. నేను ఆ రోజు బాపును తీసుకురావడానికి స్కూటీ మీద వెళ్లాను. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న నేను అప్పుడు కూడా ఆ బండి సీటు మీద చెయ్యి వేసి చూశాను, ఎక్కలేదు. బాపు నా వెనక కూర్చుని, శాలువా ఒళ్లో పెట్టుకుని, వెనక చక్రంలో గాలి తక్కువుందని చెప్పాడు.

ఆ మరుసటి ఏడు వానాకాలంలో ఒక పొద్దున ఆరింటికి బాపు ఫోన్ మోగింది. ఆ కుర్రాడే. వెనకాల హారన్ ఆగకుండా మోగుతూనే ఉంది. "సార్, ఏ వైపు నుంచి లాగాలె?"